పస్తు పెట్టిన కొరమీను

రెండు వేల మూడు ఆగస్టులో జ్యోతిర్మయి ప్రయోగం మూడోసారి కూడా పాడైపోయింది.

గుంటూరు దగ్గరి యూనివర్సిటీలో ఆమె పరిశోధన కొరమీను మీద. చేప మూత్రపిండాన్ని చిన్న ముక్కలుగా కోసి, పోషక ద్రవం ఉన్న సీసాలో పెట్టి, అందులోని కణాలు బతికి పెరిగేలా చెయ్యాలి. అవి పెరిగితే చెరువుల్లో కొరమీనుకొచ్చే పుండ్ల జబ్బు సంగతి సీసాలోనే తేల్చుకోవచ్చు. కానీ రెండో రోజుకల్లా ద్రవం కుడితినీళ్ళలా తయారయ్యేది. అంతా బాక్టీరియా.

గైడు దేవకుమారి గారు తిట్టలేదు. అదే ఎక్కువ బాధ.

"ఇంకొక్కసారి చూద్దాం. అప్పటికీ కాకపోతే టాపిక్ మార్చుకుందువు గాని. ఇప్పటికే రెండేళ్ళు పోయాయమ్మా."

మర్నాడు పొద్దున్నే జ్యోతిర్మయి పొన్నూరు బస్సెక్కింది. అక్కడి చేపల మార్కెట్లో నసీమున్నీసా దగ్గర కొరమీన్లు బతికే దొరుకుతాయి. మూడుసార్లూ అక్కడే కొంది.

"మళ్ళీ వచ్చావా అమ్మాయ్? ఈసారన్నా కూరకేనా?"

"కాదక్కా, లాబ్‌కే." జ్యోతిర్మయి జరిగిందంతా చెప్పింది.

నసీమున్నీసా పొలుసు తీయడం ఆపింది. "తీసుకెళ్ళిన రోజే కోస్తన్నావా?"

"అవును. తాజాగా ఉండాలి కదా."

"బతికున్నదానికి తాజా ఏంది? దీని కడుపు చూడు, ఏ కప్పపిల్లనో మింగి ఉంటది. నిండు కడుపు మీద కత్తి పెడితే పేగు చిట్లదా? చిట్లిందంటే లోపలంతా కంపే. రెండ్రోజులు మంచినీళ్ళలో పస్తు పెట్టి కొయ్యి."

కోసే ముందు చేపకు మేత ఆపాలని పుస్తకంలోనూ ఒక వాక్యం ఉంది. జ్యోతిర్మయి చదివింది, పట్టించుకోలేదు. కత్తెర పెట్టిన ప్రతిసారీ పేగు దగ్గర పచ్చటి చెమ్మ కనిపించడం ఇప్పుడు గుర్తొచ్చింది.

కొరమీనును లాబ్ వెనక వరండాలో టబ్బులో ఉంచింది. ఎగిరి బయట పడకుండా మూత మీద ఇటుక పెట్టింది. పూటపూటా నీళ్ళు మార్చింది. మూడో రోజుకు టబ్బులో నీళ్ళు తేటగా నిలిచాయి.

నాలుగో రోజు పొద్దున చేపను ఐసునీళ్ళలో ఉంచి, కదలిక పూర్తిగా ఆగాక ఒళ్ళంతా స్పిరిటుతో తుడిచింది. కడుపు తెరిస్తే పేగు ఖాళీగా, దారంలా ఉంది. దాన్ని తాకకుండా మూత్రపిండం తీసింది. యాంటీబయాటిక్ కలిపిన నీళ్ళలో మూడుసార్లు కడిగి, ఆవగింజ కంటే చిన్న ముక్కలుగా కత్తిరించి సీసా అడుగున అంటించింది.

సీసాలో పెట్టిన రెండో రోజు ద్రవం తేటగానే ఉంది. మూడో రోజూ అంతే. ఆ రెండు రోజులూ ఆమెకు అన్నం సయించలేదు.

ఆరో రోజు మైక్రోస్కోపులో ముక్క అంచు చుట్టూ ఏదో పరుచుకుని కనిపించింది. కన్ను నులుముకుని మళ్ళీ చూసింది. సన్నటి, కోలటి కణాలు ఒకదాన్నొకటి ఆనుకుని బయటికి పాకుతున్నాయి.

"మేడమ్, ఒక్కసారి రండి!"

దేవకుమారి గారు వచ్చి చాలాసేపు చూశారు. తల ఎత్తేసరికి ఆవిడ కళ్ళు నవ్వుతున్నాయి.

"బతికాయే! ఏం చేశావు?"

"పస్తు పెట్టానండి. పొన్నూరులో చేపలమ్మే ఆవిడ చెప్పింది."

"ఆవిడ పేరు కూడా రాయి నోటుబుక్కులో."

జ్యోతిర్మయి స్టూలు మీద కూలబడింది. ఏడుపూ నవ్వూ కలిసే వచ్చాయి. మధ్యాహ్నం హాస్టల్ మెస్సులో గోంగూర పచ్చడితో రెండోసారి అన్నం పెట్టించుకుని తిని, గదికెళ్ళి సాయంత్రం దాకా ఒళ్ళు తెలీకుండా నిద్రపోయింది.