నడీన్ ఎంచుకున్న కార్బైన్

మా ఇంట్లోకి ఎవరో ముసలాడు వస్తున్నాడని నడీన్ మొదటిసారి చెప్పినప్పుడు నేను నిజంగానే ఇంటి చుట్టూ తిరిగి చూశాను. వాన పడి నేలంతా మెత్తగా ఉంది. వంగి మరీ అడుగుల కోసం వెతికాను. కనబడినవన్నీ నా బూట్ల గుర్తులే. ఎవరూ రాలేదే అని లోపలికొచ్చి నవ్వాను. నా అంత తెలివితక్కువవాడు ఈ కౌంటీలో ఇంకొకడు ఉండడు.

నా భార్యకు అరవై మూడేళ్ళు. రెండేళ్ళుగా మతి జారిపోతోంది. పొద్దున్న పూట బాగానే ఉంటుంది. నా గుడ్లు మాడ్చావని తిడుతుంది, నా గడ్డాన్ని వెక్కిరిస్తుంది. మధ్యాహ్నం దాటి వెలుతురు వాలేసరికి చూపు మారిపోతుంది. పట్నంలో డాక్టరు చాలా నెమ్మదిగా, నేనేదో పసివాణ్ణైనట్టు, ఇంట్లో తుపాకులు ఉంచకండి అని చెప్పాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ సంగతి ఈ కొండల్లో ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. ఒకరింట్లో తాగుడు ఎక్కువైనా, పెళ్ళాం పోయినా, మనిషి దిగాలుగా కనబడినా, స్నేహితుడు ఒకడు ట్రక్కు వేసుకుని వస్తాడు. "కొన్నాళ్ళు నా దగ్గర ఉంచుతాలే" అంటాడు. కారణం అడగడు. మనం కూడా చెప్పం. బాగుపడ్డాక నూనె రాసి మరీ తెచ్చి ఇస్తాడు.

మా ఇంటికి హార్లన్ వచ్చాడు. నాతో పాటు కౌంటీ రోడ్ల పనిలో ముప్పై ఏళ్ళు చేసినవాడు. జింకల రైఫిలు, షాట్‌గన్ను, నడీన్ పిస్టల్ దుప్పట్లో చుట్టి మోసుకెళ్తుంటే ఆమె వరండాలో కూర్చుని చూసింది.

"ఏరా హార్లన్, పట్టపగలే దొంగతనానికి దిగావా?"

"నిన్నే ఎత్తుకుపోదామని వచ్చానే. నువ్వు బరువెక్కువని ఇవి పట్టుకెళ్తున్నా."

ఆమె పకపకా నవ్వింది. హార్లన్ ట్రక్కు ఎక్కేదాకా ముఖం మామూలుగానే పెట్టి, ఎక్కాక స్టీరింగు మీద తల ఆనించాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

నడీన్ చేతిలోంచి తుపాకీ తీసేయడమంటే ఏమిటో చెప్పాలి. పాతికేళ్ళు ఈ కౌంటీ పిల్లలకు వేట తరగతులు చెప్పింది. ఆమె దగ్గర పాసవకపోతే ఎవడికీ లైసెన్సు రాదు. ట్రిగ్గర్ మీద వేలు పెట్టిన పిల్లవాణ్ణి, తుపాకీ ఖాళీదైనా సరే, బయటికి గెంటేది. అలాంటి మనిషి ఇప్పుడు పిస్టల్ కోసం సొరుగులు, ఓవెన్, గోధుమపిండి డబ్బా వెతుకుతోంది. కుర్చీలు తెచ్చి తలుపులకు అడ్డం పెడుతోంది. రాత్రిళ్ళు నిద్రపోవడం మానేసింది.

"ఇంట్లో ఏమీ లేదు డెల్. వాడొస్తే ఏం పెట్టి ఆపను? గరిటె పెట్టా?" అని ఒకరోజు పొద్దున్న ఏడ్చింది. పెళ్ళయ్యాక ఆమె ఏడవగా నేను చూసింది తక్కువ. ఆ ఏడుపు భరించలేకపోయాను. ముఖం కడుక్కో, ట్రాయ్ కొట్టుకు వెళ్దాం అన్నాను.

ట్రాయ్ కూడా ఆమె శిష్యుడే. పశువుల దాణా కొట్టు పక్కన తుపాకుల కొట్టు నడుపుతాడు. నలభై దాటిన మనిషి, ఆమెను చూస్తే ఇప్పటికీ చేతులు జేబుల్లోంచి తీసేస్తాడు.

"ఇంట్లో పెట్టుకోడానికి ఏదైనా చూపించు," అంది నడీన్. "షాట్‌గన్ వద్దు, భుజం ఊడొస్తుంది. పిస్టల్ వద్దు, ఈ మణికట్లతో దాని పైభాగాన్ని వెనక్కి లాగలేను."

"మరైతే కార్బైన్ తీసుకోండి టీచర్‌గారూ. పొట్టి రైఫిలే, వేసుకునేది మాత్రం పిస్టల్ తూటాలు. భుజాన్ని అసలు తన్నదు. పైగా ఇంట్లో పేలిస్తే గోడ దాటి అవతలికి..."

"ఆగాగు. గోడంటే అట్టముక్క ట్రాయ్. ఏ తూటా అయినా దాటుతుంది. వెనకాల ఏముందో చూసుకుని కాల్చాలి. ఇదేనా నేను నీకు నేర్పింది?"

"కాదండి."

"కాదండి అట. మూడోసారికి గానీ పాసవ్వలేదు వీడు, తెలుసా డెల్?"

నాకు ప్రాణం లేచొచ్చింది. మాట తడబడలేదు, చూపు చెదరలేదు. మూడు కార్బైన్లు బల్ల మీద పెట్టించింది. ఒక్కొక్కటీ తీసుకుని, ముందు తూటా కూర్చునే గది తెరిచి, లోపల వేలు పెట్టి ఖాళీదని చూసుకుని, గొట్టాన్ని గోడ వైపు తిప్పి భుజానికి ఆనించింది. ఒకదాని వెనక్కి లాగే పిడి మరీ గట్టిగా ఉందని పక్కన పెట్టేసింది. రెండోది చూడ్డానికి బాగుందిగానీ ముందుభాగం బరువని, సాయంత్రానికి చేతులు పడిపోతాయని వంక పెట్టింది. మూడోది ఆమె చెంపకు సరిగ్గా ఒదిగింది. వేలు ట్రిగ్గర్ బయట, తిన్నగా. నేను ఇరవై మూడేళ్ళ వయసులో సంతలో చూసి మనసు పారేసుకున్న పిల్ల మళ్ళీ నా ముందు నిలబడింది.

"నా పిస్టల్ మేగజీన్ దీనికి పడుతుందా?" అని అడిగింది.

"పట్టకపోతే మీకు చూపిస్తానా టీచర్‌గారూ?" అన్నాడు ట్రాయ్.

ఇది మా అందరికీ ఉన్న అలవాటు. కార్బైన్ కొనేవాడు ఎవడైనా ముందు అదే చూస్తాడు. తూటాలు నింపే ఆ డబ్బా పిస్టల్‌కూ కార్బైన్‌కూ ఒకటే అయితే ఖర్చు కలిసొస్తుంది, కంగారులో ఏది ఎక్కడిదని తడుముకోనక్కర్లేదు. నేనూ బాగా ఆలోచించిందని తలూపాను. పిస్టల్ ఇప్పుడు మా ఇంట్లో లేదన్నది ఆ క్షణాన నాకు గుర్తే లేదు.

ట్రాయ్ సరదాగా అడిగాడు: "ఇంతకీ ఎవరికి మూడింది? ఎవడు మీ జోలికొచ్చేది?"

"ఒక ముసలాడురా. రోజూ మధ్యాహ్నం దాటాక వస్తాడు. సొంత ఇంట్లోకి వచ్చినట్టు తలుపు తీసుకుని వచ్చేస్తాడు. గోధుమరంగు కోటు. ఎడమ కాలు ఈడుస్తాడు."

ట్రాయ్ నా కాలు వైపు చూశాడు. పన్నెండేళ్ళ కిందట రోడ్డు పనిలో దుంగ పడి విరిగిన కాలు అది. కోటు ఒంటి మీదే ఉంది. నడీన్ మాత్రం కార్బైన్‌ను అటూ ఇటూ తిప్పి చూసుకుంటోంది.

ట్రాయ్ నన్ను తూటాల అరల వెనక్కి తీసుకెళ్ళాడు. "డెల్, ఇది అమ్మమంటావా నన్ను?"

"తూటాలు వద్దు. దీంతో వచ్చే మేగజీనూ వద్దు, నీ దగ్గరే ఉంచు. ఉట్టి ఇనప కర్ర, అంతే. పట్టుకుని నిద్రపోతుంది."

"నువ్వే నిద్రపోవేమో ఆలోచించుకో."

"ఇందాకటి నుంచీ ఆమెను చూశావుగా? చూశావా లేదా?" అన్నాను. గొంతు పెద్దదయింది. వాడు తల దించుకుని కాగితాలు తేవడానికి వెళ్ళాడు. తప్పని తెలుసు నాకు. తెలిసే కొన్నాను. ఆ పొద్దున నా పెళ్ళాం నాకు తిరిగి దొరికింది. దాని కోసం ఆ కొట్టు మొత్తం కొనమన్నా కొనేవాణ్ణి.

తర్వాత కొన్ని వారాలు ఇల్లు ఇల్లులా ఉంది. వంటగది బల్ల మీద పాత తువ్వాలు పరిచి కార్బైన్ విప్పేది, తుడిచేది, బిగించేది. మధ్యాహ్నాలు దాన్ని ఒళ్ళో పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చునేది. నేను లోపలికొస్తే పరాయివాణ్ణి చూసినట్టే చూసేదిగానీ, చేతిలో అదుందన్న ధైర్యంతో కాబోలు, కేకలు పెట్టేది కాదు. "ఏం కావాలి?" అనేది. "కాస్త కాఫీ" అనేవాణ్ణి. "తాగి వెళ్ళు, మా ఆయనొచ్చే వేళయింది" అనేది. నా ఇంట్లో నేను అతిథిలా కాఫీ తాగి, వెనక కొట్టంలో కూర్చుని, చీకటి పడ్డాక ఆమె పడుకుంటే వచ్చేవాణ్ణి. పొద్దున్నే మళ్ళీ మొగుణ్ణయ్యేవాణ్ణి. సగం రోజు మొగుడుగా ఉన్నా చాలనుకున్నాను. హార్లన్ ఇది విని "నువ్వు మనిషివా, గాడిదవా?" అన్నాడు. గాడిదనే అన్నాను.

చలికాలం మొదలైంది. ఆ రోజు మధ్యాహ్నం నేను కట్టెలు కొట్టి, ఒక మోపు ఎత్తుకుని వంటగది తలుపు కాలితో తోశాను. నడీన్ ఎదురుగా నిలబడి ఉంది. ఒంటి మీద వేట కోటు, మెరిసే నారింజ రంగుది. చలేసి బీరువాలోంచి తీసుకున్నట్టుంది. కార్బైన్ భుజానికుంది. కింద మేగజీన్ ఉంది.

ఎక్కడిదో నాకు వెంటనే అర్థమైంది. మా ఊళ్ళో ఏ కోటు జేబు తడిమినా, ఏ ట్రక్కు సొరుగు లాగినా, నింపి మరిచిపోయిన మేగజీన్ ఒకటి దొరుకుతుంది. పోయిన ఏడాది వేటకు పిస్టల్‌తో పాటు అదనంగా పెట్టుకుని ఉంటుంది. హార్లన్, నేను తుపాకులు లెక్కపెట్టుకున్నాం. మేగజీన్లు ఎవడు లెక్కపెడతాడు!

"కట్టెలు కింద పెట్టు," అంది. పెట్టాను. వేలు ఇంకా ట్రిగ్గర్ బయటే ఉంది.

"నడీన్, నేనే. డెల్‌ని."

అనకూడని మాట అన్నాను. ఆమె ముఖం పాలిపోయింది. "నా పేరు నీకెలా తెలుసు? మా ఆయన పేరు నీకెలా తెలుసు? ఆయన్నేం చేశావ్?"

వేలు లోపలికి వెళ్ళింది. పాతికేళ్ళు పిల్లలకు చెప్పింది కదా, కాల్చాలని నిశ్చయించుకున్నాకే వేలు లోపలికి వెళ్ళాలని. చేతులెత్తి వెనక్కి నడిచాను. మెట్లు దిగాను. వెన్ను తిప్పడానికి భయమేసి అలాగే వెనక్కి వెనక్కి నడిచి ట్రక్కు ఎక్కి తలుపేసుకున్నాను. హార్లన్‌కి ఫోన్ చేద్దామని తీశాను. అంతలో అదే మోగింది. మా ఇంటి నంబరు.

"డెల్! ఎక్కడున్నావ్? తొందరగా రా. ఆ ముసలాడొచ్చాడు."

ఆమె నన్ను డెల్ అంది. మధ్యాహ్నం పూట ఆమె నోట ఆ పేరు విని ఎన్ని నెలలైందో. ముఖం లేకపోతే, ఉట్టి గొంతే అయితే, నేనింకా ఆమెకు మొగుణ్ణే.

"భయపడకు. వాడు బయటికి వెళ్ళాడుగా?"

"వెళ్ళాడు. వాకిట్లోనే ఉన్నాడు. నీకెలా తెలుసు?"

"ఊహించాన్లే. నా మాట విను. మేగజీన్ తీసెయ్. తూటా గది తెరిచి అందులో ఉన్నది కూడా తీసి, తుపాకీ బల్ల మీద పెట్టు."

"నాకు నేర్పుతున్నావా నువ్వు?" అని నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు. "నువ్వొచ్చేదాకా దీన్ని కింద పెట్టను. నువ్వు గుమ్మంలోకి రా, నీ చేతికిస్తా."

"నేను వచ్చేదాకా పెట్టవా?"

"పెట్టను. నువ్వు కాకుండా ఎవరొచ్చినా కాల్చేస్తా. ఇంకా ఎంత దూరంలో ఉన్నావ్?"

కిటికీలో నారింజ రంగు కనబడుతోంది. "దగ్గరికొచ్చేశా," అన్నాను.

"అయ్యో డెల్, వాడు నీ ట్రక్కులో కూర్చున్నాడు! నీ ట్రక్కు వాడికెలా దొరికింది? వాడూ ఫోన్ పట్టుకున్నాడు." ఆమె ఊపిరి వినబడుతోంది. "డెల్."

"ఊఁ."

"ఏడుస్తున్నాడు వాడు. ముసలాళ్ళు అలా ఏడిస్తే నేను చూడలేను. పాపం ఎవరూ లేరేమో."

కోటు చేత్తో కళ్ళు తుడుచుకున్నాను.

"సరేలే, వాణ్ణేం అనకు. నువ్వొచ్చాక కాస్త కాఫీ పోసి పంపించేద్దాం. నువ్వు మాత్రం వచ్చెయ్. మాట్లాడుతూ రా, నాకు ధైర్యంగా ఉంటుంది."

హార్లన్‌కి చెప్పాలంటే ఈ ఫోన్ పెట్టేయాలి. పెట్టేస్తే ఈ మధ్యాహ్నానికి నేను ముసలాణ్ణే. మాట్లాడుతూ కూర్చున్నాను.