హుచ్చమ్మకు తగ్గించిన ధర

జయరామయ్య మందుల దుకాణానికి ఎదురుగా కొత్త దుకాణం వెలిసి "నూటికి ఇరవై తగ్గింపు" అని బోర్డు కట్టింది. అన్నేళ్లూ నూటికి పది తగ్గించి ధర్మాత్ముడనిపించుకున్న మనిషికి కంటిమీద కునుకు కరువైంది. చివరికి హోల్‌సేల్ వ్యాపారి వెంకోబరావు ఉపాయం చెప్పాడు. అవే మూర్ఛ మాత్రలు, వేరే కంపెనీవి. నెలకు సరిపోయే అట్ట కొనేది పద్దెనిమిది రూపాయలకు, దానిమీద ధర మాత్రం నూట యాభై! నూటికి ముప్పై తగ్గించినా నూట అయిదు వస్తుంది. అంతకుముందు తొంభైకే ఇచ్చేవాడు. అయినా రాయచూరు జనం ఆ ముప్పై చూసి ఎగబడ్డారు. ధర పెంచి పోటీ గెలవడం ఎక్కడైనా విన్నారా? జయరామయ్య మాత్రం మీసం మెలేశాడు.

గిల్లేసూగూరు హుచ్చమ్మ మూడేళ్లుగా అతని దగ్గరే నెలకో అట్ట కొనేది. ఆమె మొగుడు జంబన్న కరెంటు ఫ్యాక్టరీలో బూడిద ఎత్తే కూలీ. మూర్ఛలు మొదలై పని మానేశాడు. ఆ రోజు వచ్చి, "సగం అట్ట కోసియ్యి సావుకారీ" అంది.

"ఏందమ్మా, నెలకు సగమెట్ల సరిపోతది?"

"దినం ఇడిచి దినం ఏస్తున్న. మొన్న పొయ్యికాడ పడి చెయ్యి కాల్చుకున్నడు. ఏం జేయాలె? కంపెనోళ్లు పెంచిన్రు. నువ్వు తగ్గిస్తున్నవని గిదన్నా దొరుకుతున్నది. నీ కడుపు సల్లగుండ."

జయరామయ్యకు చెంప ఛెళ్లుమనిపించినట్టయింది. ఛీ, ఏం బతుకు! సిగ్గుతో తలెత్తలేక, నిండు అట్ట తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇరవై ఇయ్యి, చాలు. దినాం ఎయ్యి."

హుచ్చమ్మ అట్టను అటూ ఇటూ తిప్పి చూసింది. ముఖం మాడిపోయింది.

"గింత అగ్గువనా? నకిలీదా సావుకారీ? తారీఖు దాటిందా? బీదోళ్లమని గిట్ల జేస్తవా?"

మంచిదే, నేను కొన్నదే పద్దెనిమిదికి. అనాల్సింది ఈ నాలుగు మాటలే. కానీ అవి అంటే ఆమె మూడేళ్లుగా పెట్టిన దండాలన్నీ ఏం కావాలి? పక్కన ఇద్దరు గిరాకీలు చెవులు రిక్కించి నిలబడ్డారు.

"పొరపాటైంది. అది వేరేది" అంటూ ఆ అట్టను లోపలికి తీసుకుపోయి, దాన్నే కత్తెరతో సగానికి కోసి తెచ్చాడు.

"గిది మంచిదేనా?"

"మంచి కంపెనీది. యాభై రెండియ్యి."

ఆమె ముఖం విచ్చుకుంది. డబ్బిచ్చి, దండం పెట్టి, పదిహేను మాత్రలు కొంగున ముడేసుకుని బస్టాండు వైపు నడిచింది. అవే జంబన్నకు నెలంతా. జయరామయ్య ఆమెను వెనక్కి పిలవలేదు.