ముందే చెప్పిన స్తోత్రం

సుందర్ రాజ్ పెళ్ళాం తలకి కసరత్తు చేయించుకుంటోందని వీధి చివరి గంగాలమ్మ అన్నదట. తన మోకాలు చూపించుకోవడానికి గాజువాక వెళ్ళినప్పుడు, తెర సందులోంచి స్వయంగా చూసిందట. మిరియం బల్ల మీద వెల్లకిలా పడుకుని ఉందట. ఎవరో డాక్టరమ్మ నెత్తి దగ్గర కూర్చుని, సంతలో గుమ్మడికాయ బరువు చూసినట్టు ఆమె తలని రెండు చేతుల్లో పెట్టుకుని ఉందట. "కాలికి కసరత్తు ఇన్నాం, సేతికి ఇన్నాం. తలకి కసరత్తేటమ్మా? పైకి సెప్పుకోరు గానీ మతికేదో అయ్యుంటాది" అని కుళాయి దగ్గర నలుగురిలో అనేసిందట.

ఆ మాటని ఇంటిదాకా మోసుకొచ్చింది అత్తగారు దేవకుమారి. వచ్చి వంటింటి గడప మీద చతికిలబడి, ఒక్క ముక్క కూడా ఒలికిపోకుండా కోడలి ముందు కుమ్మరించింది.

మిరియం అప్పుడు గులాబీ పువ్వులు వేస్తోంది. డిసెంబరు పదో తేదీ దాటితే మల్కాపురంలో క్రైస్తవుల ఇళ్ళలో పొయ్యి మీంచి నూనె మూకుడు దిగదు. ఇనుప అచ్చుని పిండిలో ముంచడం, నూనెలో పెట్టడం, మెల్లిగా ఆడించి పువ్వుని విడిపించడం. ఒక్కో పువ్వుకీ మెడ వంచి చూడాలి, లేకపోతే రేకు మాడుతుంది. వేసినవాటిలో ఒక పళ్ళెం గంగాలమ్మ ఇంటికీ వెళ్ళాలి.

"నీ వల్ల ఈది నోట్లో పడ్డాం" అంది దేవకుమారి. "మాకు రానేదేటే తలనొప్పులు? ఓ గుడ్డపీలిక బిగించి కట్టుకునీవోళ్ళం, పనిలో పడిపోయీవోళ్ళం."

"మతికి కాదత్తయ్యా, నొప్పి మెడలోంచి వత్తంది."

"మెడలోంచొత్తే తలెందుకు పట్టుకున్నాదే ఆవిడ?"

ఆ ప్రశ్నకి మిరియం దగ్గర జవాబుంది. కానీ పువ్వు రంగు తిరుగుతోంది.

నొప్పి వచ్చి మూడేళ్ళయింది. మెడ వెనక, జడ మొదలయ్యే చోట చిన్న మేకులా మొదలవుతుంది. అక్కణ్ణుంచి నెత్తి మీదికి పాకి, కుడి కన్ను వెనక దిగి కూర్చుంటుంది. పోర్టు దగ్గర సరుకుల క్లియరెన్సు చూసే ఒక చిన్న కంపెనీలో ఆమెకి ఉద్యోగం. పొద్దుట తొమ్మిదిన్నర నుంచి కంప్యూటరులోకి కంటెయినర్ల నంబర్లు ఎక్కించాలి. కాగితం బల్ల మీద కింద ఉంటుంది, తెర పైన ఉంటుంది. తల రోజుకి కొన్ని వందలసార్లు దిగి లేస్తుంది. ఒకరోజు నొప్పికి కళ్ళు బైర్లు కమ్మి సెలవు అడిగితే, మేనేజరు దేవీప్రసాద్ నవ్వి, "తలనొప్పి కూడా ఓ రోగమేనామ్మా? మీరందరూ ఇలా లీవులడిగితే వచ్చేది నాకే" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే పొగరు తలకెక్కిందంటారు.

కళ్ళద్దాలు మార్చారు. గ్యాసన్నారు. రక్తం తక్కువన్నారు. ఆఖరికి స్కానింగు తీశారు, అందులో ఏమీ లేదన్నారు. ఇంట్లో అందరికీ నిమ్మళమైంది. ఆ రాత్రి భోజనాల దగ్గర సుందర్ రాజ్ తమ్ముడు డానీకి ఫోన్ చేసి, "మీ వదిన తలకాయలో ఏటీ నేదంటరా! పెళ్ళయిన మూణ్ణాళ్ళకే నాను సెప్పినాను గదా, స్కానింగెందుకు దండగ" అని పకపకా నవ్వాడు. పిల్లలు కూడా నవ్వారు. మిరియం పచ్చడి వడ్డిస్తూ నిలబడి ఉంది. సుందర్ రాజ్ చెడ్డవాడు కాదు. తాగడు, చెయ్యెత్తడు. పోర్టులో క్రేన్ల దగ్గర ఒళ్ళొంచి పనిచేస్తాడు, ఆదివారం తప్పకుండా గుడికి వెళ్తాడు. ఆయనకి తెలిసినంతలో నొప్పంటే మనిషి మంచం పట్టాలి. మంచం పట్టని మనిషికి నొప్పేమిటి? వేళకి అన్నం వండి పెడుతోంది గదా.

గౌరీశ్వరి దగ్గరికి పంపింది నరాల డాక్టరు. గౌరీశ్వరి ఉక్కునగరం క్వార్టర్లలో పుట్టి పెరిగిన పిల్ల, ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. గాజువాకలో ఫిజియోథెరపీ సెంటరు పెట్టుకుంది. మొదటిరోజు ఆమె అడిగిన మొదటి ప్రశ్న, "నొప్పి పదికి ఎంత ఉందండీ?"

మిరియం తెల్లబోయింది. నొప్పి ఉందా లేదా అని అడిగినవాళ్ళున్నారు, నిజంగానే ఉందా అని అడిగినవాళ్ళున్నారు. ఎంత ఉందని అడిగిన మొదటి మనిషి ఈమే.

"ఎనిమిది" అంది, అబద్ధం చెబుతున్నదానిలా గొంతు తగ్గించి.

గౌరీశ్వరి ఆమెని పడుకోబెట్టి, తల వెనక చేతులు పెట్టి, పుర్రె కింద గుంటలో వేళ్ళ కొసలు ఆనించింది. "తల పూర్తిగా నాకు వదిలెయ్యండి" అంది.

"వదిలేసేనండి."

"లేదండీ. ఇంకా మీరే మోస్తున్నారు. మెడ చూడండి, తాడులా ఎలా బిగిసుందో."

వదిలేశాననే మిరియం అనుకుంటోంది. మళ్ళీ ప్రయత్నించింది. పిల్లల పరీక్షలు, రేపటి పప్పు నానబెట్టడం, అత్తగారి కంటి చుక్కలు, మేనేజరు ముఖం, ఒకదాని తరవాత ఒకటి గుర్తొచ్చి మెడ మళ్ళీ బిగుసుకుంది. గౌరీశ్వరి తొందరపెట్టలేదు. పది నిమిషాలకి మెడలో ఎక్కడో ముడి సడలినట్టయి తల ఆ అరచేతుల్లోకి దిగింది. కణతల మీంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. నొప్పికి కాదు. ఎలమంచిలి దగ్గర పల్లెలో అమ్మ పేలు చూడ్డానికి ఒళ్ళో పడుకోబెట్టుకున్న తరవాత, ఆమె తల బరువు ఇంకొకరు మోయడం మళ్ళీ ఇదే.

వారానికి రెండు రోజులు, మంగళవారం, శుక్రవారం, ఆఫీసు అవగానే. మొత్తం పన్నెండుసార్లు రమ్మంది. ఇంట్లో రోజూ గడ్డం లోపలికి లాక్కుని పది లెక్కపెట్టాలి, భుజాలు వెనక్కి తిప్పాలి. రెండు నెలలపాటు పెద్ద గిన్నెలు ఎత్తకూడదు, గంటలకొద్దీ తల వంచి పనిచెయ్యకూడదు. "మధ్యలో ఆపేస్తే మళ్ళీ మొదటికొస్తుందండీ, అది మాత్రం గుర్తుంచుకోండి" అని రెండుసార్లు చెప్పింది. ఐదోసారి అయ్యేసరికి నొప్పి ఎనిమిది నుంచి నాలుగుకి దిగింది. ఆ శుక్రవారం ఆటోలో ఇంటికొస్తుంటే రిఫైనరీ దీపాలు విడివిడిగా, గుండ్రంగా కనిపించాయి. మూడేళ్ళుగా అవి ముళ్ళలా కంట్లో గుచ్చుకునేవి. ఆ వారం పండక్కి సాయంగా తాయారుని మాట్లాడుకున్నారు. పెద్ద వంటలు తాయారు, పైపని మిరియం. ఎలాగో గట్టెక్కుతానని అనుకుంది.

క్రిస్మస్ ముందు ఆదివారం వాళ్ళ గుడిలో కృతజ్ఞత కవర్లు ఇస్తారు. ఆ ఏడాది దేవుడు చేసిన మేళ్ళు కవరు మీద రాసి, కానుక లోపల పెట్టి ఇస్తే, అయ్యగారు మైకులో చదివి ప్రార్థన చేస్తారు. ఎవరి ఇంట్లో ఏం జరిగిందో పేటంతటికీ తెలిసేది ఆరోజే. సుందర్ రాజ్ కవరు వంతు వచ్చింది. అయ్యగారు కళ్ళజోడు సర్దుకుని చదివారు. "సహోదరుడు సుందర్ రాజ్ కుటుంబం. తల్లిగారి కంటి ఆపరేషను జయప్రదమైనందుకు, ఉద్యోగంలో కాపాడినందుకు, భార్య మిరియమ్మ తలనొప్పిని సంపూర్ణంగా స్వస్థపరిచినందుకు కృతజ్ఞతతో..."

హల్లెలూయా అని గుడి గుడంతా అంది. పక్క వరసలో ఆడవాళ్ళు వెనక్కి తిరిగి ఆమె తలకేసి చూసి చిరునవ్వు నవ్వారు. మిరియం చెయ్యి దానంతటదే మెడ వెనక్కి వెళ్ళింది. నాలుగు అక్కడే ఉంది.

"సంపూర్ణంగా తగ్గిందని నాను మీకెప్పుడు సెప్పినాను?" అని ఇంటికి వచ్చాక అడిగింది.

"తగ్గిపోద్దని నమ్మి ముందే స్తోత్రం సెప్పాలే. అదే ఇశ్వాసం. తగ్గినాక ఎవడైనా సెబుతాడు."

"మరి మంగళారం సిట్టింగు?"

సుందర్ రాజ్ ఆమెని వింతగా చూశాడు. "మతుండే మాటాడతన్నావా? అయ్యగారు మైకులో సదివేసినారు. మళ్ళీ నువ్వెళ్ళి ఆ బల్ల మీద పడుకుంటే, నానొక్కడినే కాదు, దేవుడూ అబద్దాలకోరైపోడా? ఆ గంగాలమ్మ సూసిందంటే ఇంకేటైనా ఉందా!"

సాయంత్రానికి దేవకుమారి తాయారుకి కబురు పెట్టేసింది, రానక్కర్లేదని. కోడలికి నయమైపోయాక ఇంకో మనిషెందుకు? పైగా జనవరి ఒకటో తేదీ గుడి ఆరాధన కాగానే అరవైమందికి భోజనాలు ఈసారి మన ఇంట్లోనే అని అయ్యగారికి మాటిచ్చేసింది. ఇంత మేలు పొందినవాళ్ళం, ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా?

మంగళవారం పోయింది. శుక్రవారం క్రిస్మస్సే, అదీ పోయింది. ఆరోజు తెల్లవారకముందే లేచి పలావు, కోడికూర, చేపల పులుసు, పచ్చళ్ళు, పాయసం. పదకొండు గంటలకి మేకు మెడలో దిగింది. రెండింటికి కుడి కన్ను మూసుకుపోయింది. వచ్చినవాళ్ళందరికీ "హేపీ క్రిస్మస్" చెబుతూ ఒంటికన్నుతో వడ్డించింది. "సూసేవా, ఎంత ఉసారుగా తిరుగుతోందో! అంతా ప్రార్థన మహిమ" అని ఎవరో అన్నారు. పదికి తొమ్మిది, అని మిరియం తనలో తనే చెప్పుకుంది. ఆ అంకె ఆమెకొక ఆధారంలా తోచింది. ఇదివరకైతే ఇది తన బద్ధకమేమో, నటనేమో అని తనకే అనుమానం వచ్చేది. ఇప్పుడు అంకె ఉంది. ఇంట్లో నమ్మకపోయినా దానికేమీ కాదు. అయితే ఇంకో ఏడుసార్లు ఆ బల్ల ఎక్కకపోతే ఈ అంకె ఇక దిగదు. అది కూడా ఆమెకి అంతే స్పష్టంగా తెలుసు.

ఆదివారం సాయంత్రం ఇంట్లో కుటుంబ కృతజ్ఞత కూడిక. ముందు గదిలో బొంతలు పరిచారు. అయ్యగారు, గుడివాళ్ళు నాలుగైదు కుటుంబాలు, డానీ, అతని భార్య కేథరిన్, గుమ్మం పక్కన కుర్చీలో పిలవకపోయినా వచ్చిన గంగాలమ్మ. పాట అయ్యాక వయసు వరసన ఒక్కొక్కరూ లేచి సాక్ష్యం చెప్పారు.

దేవకుమారి లేచింది. "డెబ్బై ఏళ్ళొచ్చినా వంట్లో కీలునొప్పైనా నేకుండా, యేళకి వేడన్నం పెట్టి కాపాడినాడు దేవుడు, ఆయనకి స్తోత్రం" అంది. సుందర్ రాజ్ లేచాడు. "ఏడాది పొడుగునా జొరం గానీ నడుంనొప్పి గానీ నేకుండా, ఉతికిన బట్టతో డ్యూటీకెళ్ళే బాగ్యమిచ్చినాడు. ఇలాంటి కుటుంబం ఇచ్చినందుకు స్తోత్రం" అన్నాడు. డానీ అన్నకంటే గట్టిగా, "నాకైతే ఒక్క తలనొప్పి కూడా రానేదు, దేవుడికి మహిమ!" అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు.

మిరియం వింటోంది. అన్నం దేవుడు పెట్టాడు, బట్టలు దేవుడు ఉతికాడు. కాదనడానికి ఆమె ఎవరు? చిన్నప్పటి నుంచీ ఆమెకీ ఆయనంటే ప్రేమే. ఆయన ఆమె చేతులతో ఈ పనులన్నీ చేయించుకుంటూ, ఆ చేతుల పేరు ఒక్కసారి కూడా వీళ్ళ చెవిన వెయ్యలేదేమో అనిపించింది. ఆయన చెప్పినా వీళ్ళు విని ఉండరు.

"మన మిరియమ్మ సాక్ష్యం కోసమే అందరం ఎదురుచూస్తున్నాం" అన్నారు అయ్యగారు. "చెప్పమ్మా. దేవుడు నిన్నెలా స్వస్థపరిచాడో."

ఆమె లేచింది. ముందు గడ్డం లోపలికి లాక్కుంది, భుజాలు వెనక్కి తిప్పింది. గౌరీశ్వరి నేర్పినట్టు.

"వందనాలు అయ్యగారూ. నాకు తగ్గలేదు" అంది. "ఐదుసార్లు వైద్యానికెళ్ళినాను, సగం తగ్గింది. ఆ డాక్టరమ్మని చూపించినందుకు దేవుడికి స్తోత్రం, ఆవిడ చేతులకి కూడా. తగ్గిపోయిందని కవరు మీద రాసినాక రెండుసార్లు మానేసేను, మళ్ళీ మొదటికొచ్చింది. మిగతావి పూర్తి సేత్తాను. మంగళారం ఎళ్తన్నాను."

ఆమెన్ అనాలో వద్దో ఎవరికీ తెలియలేదు. సుందర్ రాజ్ చెవులు ఎర్రబడ్డాయి. అయ్యగారు బైబిలు మూసి, మళ్ళీ తెరిచారు. "వైద్యం కూడా దేవుడిచ్చినదేలెండి" అన్నారు నెమ్మదిగా.

"ఒసే, కూకోవే" అన్నాడు సుందర్ రాజ్ పళ్ళ సందులోంచి. "ఆళ్ళెళ్ళినాక మాటాడుకుందాం."

"ఇంకొక్క మాట. పెద్ద గిన్నెలెత్తకూడదు, గంటలకొద్దీ తలొంచుకుని పొయ్యి దగ్గర నిలబడకూడదని డాక్టరమ్మ సెప్పింది. రెండు నెల్లు. ఒకటో తారీకు బోజనాలు నాను వొండలేను."

దేవకుమారి నెత్తి కొట్టుకుంది. "ఓలమ్మోలమ్మ! అయ్యగారికి మాటిచ్చీసినానే. అరవైమందికి వంటెవలు సేత్తారే?"

మిరియం గదిలో ఒక్కొక్కరినీ చూసింది. అత్తగారిని, భర్తని, మరిదిని.

"ఇప్పుడే గదత్తయ్యా, మీ ముగ్గురూ లేచి నిలబడి వంట్లో ఏ నొప్పీ లేదని దేవుడి ముందు సాక్ష్యం సెప్పినారు. మీరే సెయ్యండి."