పడమటి హద్దు

లేదంటే నా వాటా తలుపు పిడి కావచ్చు. పిడి అయితే బాగుంటుంది, రోజుకు వెయ్యి చేతులు తగులుతాయి. లేదా కార్లు నిలిపే చోట ఒక దీపం. దీపం వద్దు, పగలంతా పనిలేకుండా నిలబడాలి. రెస్టారెంటు ముందు పరిచిన బండల్లో ఒకటి, గడప నుంచి మూడోది, లోపలికి వచ్చేవాళ్లు చలికి కాళ్లు విదిలించుకునే చోట ఉన్నది, అది చాలు. అది నాది అనుకుంటే ఎవరైనా కాదంటారా? అనరు. ఎవరి వాటా ఎక్కడుందో ఎవరికీ తెలియకపోవడమే ఈ ఆస్తిలో ఉన్న గమ్మత్తు.

"ఆధార్ సూపియ్యమ్మా. యాడికి?"

ఫ్రాన్సుకు అనబోయి రాధిక నాలుక కరుచుకుంది.

"జగిత్యాల."

కండక్టర్ ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్టు చేతిలో పెట్టి ముందుకు పోయాడు. కోరుట్లలో ఎక్కినప్పటి నుంచి ఆమె ఒళ్లో సంచిని రెండు చేతులతో పట్టుకునే ఉంది. సంచిలో ఒక బ్యాంకు ఫారం, నాలుగు హద్దులు రాసిన ఒక కాగితం. ఫారం ఈరోజే జగిత్యాల బ్యాంకులో ఇవ్వాలి. ఇవాళ సొమ్ము కదలకపోతే వాటాలు ఇచ్చే గడువు దాటిపోతుంది, మళ్లీ ఎప్పుడు తెరుస్తారో తెలియదు.

ఆ సొమ్ము సిరిసిల్లది. అమ్మ మరమగ్గాల కార్ఖానాలో కండెలు చుట్టి చుట్టి, వేళ్ల చర్మం నున్నగా అరిగిపోయేదాకా చుట్టి, నూటా ఇరవై గజాల జాగా కొన్నది. అమ్మ పోయాక అది రాధికకు వచ్చింది. పోయిన నెల అమ్మేసింది. సగం డిపాజిట్టు చేసింది. మిగతా సగం ఈ ఫారంలో ఉంది. నలభై మూడేళ్లు వచ్చాయి, పెళ్లి లేదు, పింఛను రాదు. ఇది పోతే మళ్లీ కూడబెట్టే వయసు కాదు. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. అయినా గుండె ఎందుకిలా కొట్టుకుంటోంది, పదోతరగతి ఫలితాల రోజులాగా? భయపడినప్పుడు ఇలాగే కొట్టుకుంటుంది. సంబరపడినప్పుడూ ఇలాగే. శరీరానికి ఒకటే డప్పు ఉంది కాబోలు, ఏ వార్తకైనా అదే వాయిస్తుంది, చావా పెళ్లా అన్నది మనమే తేల్చుకోవాలి.

ఇదంతా మొదలుపెట్టింది అజ్మల్. పక్కింటి మైమూనా బీ కొడుకు. తోటివాళ్లంతా దుబాయికి పోతుంటే వాడు ఫ్రాన్సులో ఒక చిన్న పట్టణంలో వంటవాడుగా కుదిరాడు. ఊరి పేరులో సగం అక్షరాలు రాయాలి గానీ పలకకూడదట. ఊరి బయట ఒక షాపింగ్ సెంటర్, దాని ఆవరణలోనే వాడు పనిచేసే రెస్టారెంటు. పోయిన అక్టోబరులో మైమూనా బీ కొడుకుతో మాట్లాడి ఫోను తన చేతికి ఇచ్చినప్పుడు, వృత్తి అలవాటు కొద్దీ రాధిక అడిగింది.

"మీ హోటలున్న బిల్డింగు ఎవలది అజ్మల్?"

"ఎవలది కాదక్కా. అందరిది. మా సేటుది గూడ జెరంత ఉన్నది అండ్ల."

"కిరాయిదారు ఓనరెట్లయితడురా?"

"అయిండు మరి. కిరాయి కట్టిననాడు ఏడుస్తడు, మూన్నెల్లకోపారి ఆ కిరాయిలకెల్లి తన వాటా అచ్చిననాడు నవ్వుతడు. ఒక్కటే మనిషి!"

ఒక ఫండు ఉందట. చిన్న పట్టణాల షాపింగ్ సెంటర్లు, వాటి ఆవరణల్లోని రెస్టారెంటు భవనాలు కొని కిరాయికి ఇస్తుంది. అలాంటివి పద్నాలుగు. యజమానులు వేలమంది. ఆ ఫండు వివరాలతో అజ్మల్ పంపిన పుస్తకాన్ని రాధిక డిక్షనరీ పక్కన పెట్టుకుని మూడుసార్లు చదివింది. రాబడికి హామీ లేదు, ధర తగ్గవచ్చు, అమ్ముకోవాలంటే ఆలస్యం కావచ్చు అని ఆరో పేజీలో ఉంది. ఆ పేజీ చదివాకే నమ్మకం కుదిరింది. పంతొమ్మిదేళ్లుగా కోరుట్ల రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదుటి గదిలో రాజనర్సు సార్ దగ్గర దస్తావేజులు రాస్తోంది ఆమె. మోసం చేసే కాగితం తన లోపాలు తానే చెప్పుకోదని ఆమెకు తెలుసు.

ఆ గదిలో రోజూ చూసేది గోడల గొడవలే. అన్నదమ్ములు జానెడు సందు కోసం మాటలు మానేస్తారు. ఇక్కడేమో వేలమంది ఒకే పైకప్పు కింద వాటాదారులు, ఒక్కరి వాటాకూ గోడ లేదు. అపార్టుమెంటు కాగితాల్లో 'అవిభాజ్య వాటా' అన్న మాట కొన్ని వందలసార్లు రాసింది. ఎన్నడూ దాని అర్థం గురించి ఆలోచించలేదు. అక్టోబరు నుంచి ఆ మాట ఎక్కడ రాసినా చెయ్యి తేలిపోతోంది.

ఆమె చెప్పింది విని రాజనర్సు సార్ కళ్లద్దాలు నుదుటి మీదికి తోశాడు.

"హద్దులేవి బిడ్డా?"

"హద్దులుండయ్ సార్. వాటాలే."

"నాలుగు హద్దుల్లేని జాగ ఏడన్న ఉంటదా? మబ్బును కొన్నట్టే. పొద్దుగూకంగ వానై కురిసిపోతది, నువ్వు గిన్నె పట్టుకోని నిలబడు."

గదిలో అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. కానీ ముల్లు దిగింది. ఎందుకంటే లోలోపల ఆమెదీ అదే నమ్మకం. తూర్పు, పడమర, దక్షిణం, ఉత్తరం అని రాసి ఎదురుగా ఏదో ఒకటి నింపితే తప్ప ఒక వస్తువు లోకంలో ఉన్నట్టు ఆమెకు అనిపించదు. ఒక్కోసారి తన గురించీ అలాగే అనుకుంటుంది. తూర్పు, మైమూనా బీ గోడ. పడమర, ఆఫీసు. దక్షిణం, బస్టాండు. ఉత్తరం దగ్గర చెయ్యి ఆగిపోతుంది.

అందుకే పోయిన వారం అజ్మల్‌ను వీడియోలో పిలిచి రెస్టారెంటు చుట్టూ తిరగమంది.

"మ్యాపు పంపుతనక్కా, సూస్కో."

"మ్యాపు సూసి రాసుడు మా దగ్గర లేదు. జాగ మీద నిలవడ్డోడే హద్దు చెప్పాలె."

"తొమ్మిది రోజులాయె ఈడ సూర్యుడే లేడు. మొత్తం మంచు. నాకు దిక్కులెట్ల ఎరుక?"

"నమాజ్ ఎటు దిక్కు చేస్తవ్?"

"కిబ్లా దిక్కు, మక్కా వైపు. ఫోన్ల బాణం సూపిస్తది."

"గదే పడమర గదరా. ఇంటికాడ మీ అమ్మ ఎటు దిక్కు చేస్తది?"

"అరె, అవును! నీ దిమాగే దిమాగ్ అక్కా."

వాడు కిబ్లాకు తిరిగి నిలబడి ముందున్నది పడమర, వెనకది తూర్పు అని చెప్తూ పోయాడు. ఆమె రాసుకుంది. పడమర, కార్లు నిలిపే మైదానం, ఆపైన పెద్ద రోడ్డు. తూర్పు, షాపింగ్ సెంటర్ గోడ. దక్షిణం, చెప్పుల దుకాణం. ఉత్తరం, పెట్రోలు బంకు. ఉత్తరం ఎంత సులువుగా నిండిందో! కాగితం చేతికి రాగానే రాజనర్సు సార్ రెండుసార్లు చదివి, తప్పు దొరకక, "పడమటి వాకిలి. హోటలుకు మంచిదే అంటరు," అని మాత్రం అన్నాడు.

బస్సు మేడిపల్లి దాటింది. రాధిక సంచి మీద వేళ్లతో తాళం వేస్తోందని పక్కనున్న ముసలామె చూస్తే గానీ ఆమెకు తెలియలేదు.

*

జగిత్యాల బ్యాంకులో విదేశాలకు సొమ్ము పంపే కౌంటర్లో సంగీత అనే అమ్మాయి ఉంది. "సిస్టమ్ స్లో ఉంది మేడం, ఒక పావుగంట కూసోండి," అంది. గోడ గడియారం పన్నెండు యాభై ఐదు. అక్కడ ఎనిమిదిన్నర కావస్తుంది, అజ్మల్ తలుపులు తీసే వేళ. ఇచ్చే ముందు ఒక్కసారి చూద్దాం అనుకుంది. దస్తావేజు ఆఫీసులో పెట్టే ముందు కొనేవాళ్లు జాగా దగ్గరికి మళ్లీ ఒకసారి పోయివస్తారు, ఇదీ అంతే. ఫోను కలిపింది.

"అక్కా! సూడు సూడు! ఎండ!"

తెర మీద ఏమీ కనిపించలేదు. అంతా బంగారం. వాడు ఫోను కాస్త వంచితే తేరుకుని చూసింది. రెస్టారెంటు గాజు తలుపులు మండుతున్నాయి. వాడు ఇటు తిరిగాడు. కార్లు నిలిపే మైదానం, దాని మీద మంచు పొగ, అవతల పెద్ద రోడ్డు, రోడ్డు మీదుగా కుంకుమ ముద్దలా సూర్యుడు.

ఎంత అందంగా ఉందో అనుకుంటూనే ఆమె చెయ్యి అలవాటుగా హద్దుల కాగితం తీసింది. పడమర, కార్లు నిలిపే మైదానం, ఆపైన పెద్ద రోడ్డు.

"అజ్మల్. ఆడ ఇప్పుడు పొద్దుగాలనా, పొద్దుగూకిందా?"

"పొద్దుగాలనే. ఇప్పుడే షట్టర్ లేపిన."

"మరి సూర్యుడు పడమర పొడుస్తున్నడేందిరా?"

వాడు సూర్యుణ్ని చూశాడు, ఫోన్లో బాణాన్ని చూశాడు, మళ్లీ సూర్యుణ్ని చూశాడు.

"యా అల్లా. లోకం ముగిసే ఖయామత్ నాడు పడమరకెల్లి పొడుస్తడని అమ్మ చెప్తది. అచ్చిందా ఏందక్కా?"

"ఖయామత్ గాదు, బాడ్కావ్. మక్కా మన కోరుట్లకు పడమర. నీకు ఎటుంటది?"

వాడు సూర్యుడి వైపు చెయ్యి చాచాడు.

"తూరుపే... జెర దక్షిణం కొట్టుకుంట. అంటే మూడేండ్లసంది నేను తూరుపుకు మర్లి నమాజ్ చేస్తున్ననా? మనసుల పడమరనుకుంట?"

రాధికకు నవ్వు వచ్చింది. ముందు ముక్కులోంచి, తర్వాత ఆపలేనంతగా. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా భుజాలు ఊగిపోతున్నాయి. అక్కడ వాడూ మోకాళ్లు పట్టుకుని నవ్వుతున్నాడు. తెరలో ఆకాశం, నేల ఎగిరెగిరి పడుతున్నాయి. పడమటి వాకిలి కాదు, ఆగ్నేయం! పొయ్యి ఉండాల్సిన మూలకే వాకిలి! రాజనర్సు సార్ రెండుసార్లు చదివి మెచ్చుకున్న వాకిలి!

"ఏందమ్మా, లాటరీ తాకిందా?" పక్క కుర్చీలోని పెద్దాయన అడిగాడు.

"లేదు తాతా. దిక్కులు తప్పినయ్."

"దిక్కులు తప్పితె ఎవలన్న నవ్వుతరా?"

నవ్వు తగ్గుతుండగా అడుగున చల్లగా ఏదో తగిలింది. నాలుగు హద్దులూ తప్పే. తన గుండ్రటి అక్షరాల్లో, కొట్టివేత ఒక్కటి లేకుండా, పూర్తిగా తప్పు. ఈ కాగితం పట్టుకునే వారం రోజులు ధైర్యంగా ఉంది. పంతొమ్మిదేళ్లలో రాసిన హద్దుల్లో ఇలాంటివి ఎన్నో! చెప్పినవాడు ఎటు తిరిగి నిలబడి చెప్పాడని ఎన్నడైనా అడిగిందా? కోరుట్లలో పుట్టిన ఇద్దరు, ఒకరు హిందువు, ఒకరు ముస్లిం, మక్కా అంటే పడమరే అని ఎంత నమ్మకంగా ఒప్పుకున్నారు! తాము నిలబడ్డ చోటునే లోకానికి నడుమ అనుకున్నారు.

కానీ ఆ రెస్టారెంటు అక్కడే ఉంది. హద్దులు తప్పు రాసినందుకు అది అంగుళం కూడా జరగలేదు. తలుపులు తీసే ఉన్నాయి. ఆ ఆలోచన రాగానే గుండెలో డప్పు మళ్లీ మొదలైంది. ఈసారి అది ఏ వార్తో ఆమెకు తెలుస్తోంది.

"అజ్మల్, దిక్కులు ఇడిసిపెట్టు. ఉట్టిగ నడువు. నేను సూస్త."

వాడు నడిచాడు. ఒకదానిలో ఒకటి దూర్చిన తోపుడు బండ్ల వరుస. రొట్టెల దుకాణం ముందు ఎనిమిది మంది, అందులో కుక్కతో ఒక ముసలమ్మ. నిచ్చెనెక్కి బోర్డు తుడుస్తున్న మనిషి. రాధిక షట్టర్లు లెక్కపెట్టింది. ఇరవై ఆరు. రెండింటికి కాగితం అంటించి ఉంది.

"గా రెండు ఎన్నొద్దుల సంది ఖాళీ?"

"బట్టలది పోయిన ఎండకాలంకెల్లి. ఇంకోటి మొన్ననే, అండ్ల పండ్ల డాక్టర్ అస్తుండట."

"దగ్గర్ల కొత్త సెంటర్ గిట్ల కడుతున్నరా?"

"పర్మిషన్ ఇస్తలేరంటడు సేటు."

"మీ సేటు ఎప్పుడన్న కిరాయి ఆపిండా?"

"ఏడుస్తడు అని చెప్పిన గదక్కా."

"ఆపిండా అని అడిగిన."

"ఒక్క నెల గూడ ఆపలే."

నవ్వుతూ కట్టేవాడు ఒకరోజు చెప్పకుండా ఖాళీ చేసి పోతాడు. ఏడుస్తూ కట్టేవాడు నిలబడతాడు. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. రాజనర్సు సార్ గదిలో కూర్చుని కిరాయి కాగితాలు రాస్తూ చూసింది. ఇవన్నీ వారం కిందటే అడగవలసిన ప్రశ్నలు. ఆమె వారమంతా దిక్కుల వెంట తిరిగింది. బట్టల దుకాణం ఇంకా ఖాళీగానే ఉండిపోవచ్చు. ధర పడవచ్చు. ఆ ఆరో పేజీ అబద్ధం కాదు. డిపాజిట్టు చేసిన సగం అలాగే ఉంటుంది. మిగతా సగం ఎనిమిది మంది నిలబడ్డ ఆ రొట్టెల వరుస దగ్గరికి పోనీ.

"అక్కా, ఉల్లిగడ్డలు కొయ్యాలె, పెట్టేస్తున్న. అమ్మకు మాత్రం చెప్పకు, ఊరంత నవ్వుతది."

"ఇయ్యాల్నే చెప్త," అంది రాధిక.

సంగీత చెయ్యి ఊపింది. రాధిక కౌంటర్ ముందు నిలబడి ఫారం అద్దం కిందినుంచి జరిపింది. ఆ అమ్మాయి ఒక్కో పేజీ తిప్పుతూ కుతూహలం ఆపుకోలేక తలెత్తింది.

"తెల్వక అడుగుత మేడం, ఫ్రాన్సుల మీకు ఎవరున్నరు?"

"ఎవలు లేరు." ఒక్క క్షణం ఆగింది. "కిరాయిదార్లుంటరు ఇగ."

సంగీత ఫక్కున నవ్వి, వెంటనే సర్దుకుంది. "పైసలు పోతే బ్యాంకు బాధ్యత కాదు అని ఉంది, చదువుకున్నరు గదా? సంతకం చేసిన్రు. సరే. తేదీ ఎయ్యలేదు మేడం."

మరిచిపోయి వదిలేసింది కాదు. దస్తావేజులో అన్నీ ముందే రాస్తారు, తేదీ దగ్గర మాత్రం ఖాళీ ఉంచుతారు. అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ ఎదురెదురుగా వచ్చి నిలబడి, ఇక వెనక్కి పోరని తెలిశాకే అది పడుతుంది. పొద్దున కోరుట్లలో, ఇంకా ఎవరో రావాలన్నట్టు, ఆమె ఆ చోటు వదిలేసింది. సంగీత ఫారం వెనక్కి జరిపి పెన్ను దాని మీద పెట్టింది. వెనక వరుసలో ఎవరో దగ్గారు. ఆమె పెదవుల చివర ఇందాకటి నవ్వు ఇంకా మిగిలే ఉంది.

రాధిక పెన్ను తీసుకుని ఆనాటి తేదీ వేసింది.