ఇరవై ఆరో ఏడు

పొద్దుటి బ్యాచ్ పిల్లలు వదిలేసి వెళ్లిన పరీక్షనాళికలు రెండు వందల నలభై ఉన్నాయి. రెండింటికి మరో బ్యాచ్ దిగుతుంది. ఈలోగా అన్నీ సబ్బునీళ్లలో బ్రష్షు పెట్టి తోమి, కుళాయి కింద మూడుసార్లు తొలిచి, చెక్క మేకులకు బోర్లించాలి. మూడింటికి సీసాలక్కకు సన్మానం. సన్మానం ఉంది కదా అని సీసాలు వాటంతటవే కడుక్కోవు. ఆ మాట ఆమె తనలో తనే అనుకుని నవ్వుకుంది కూడా.

ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, మొదట్లో అలా పిలిచిన పిల్లల్లో ఇద్దరు ఇప్పుడు అదే కెమిస్ట్రీ విభాగంలో ప్రొఫెసర్లు. ఆమె మాత్రం సీసాలక్కగానే ఉండిపోయింది. పదకొండు నెలలకోసారి కాంట్రాక్టరు పాత గేటు పాసు తీసేసుకుంటాడు. పది రోజులు ఇంట్లో కూర్చోబెట్టి, కొత్త తేదీ వేసిన పాసు చేతిలో పెడతాడు. కాగితం మీద ఆమె ఎప్పుడూ నిన్నగాక మొన్న చేరిన మనిషే.

వచ్చే నెల కొత్త కాంట్రాక్టరు వస్తున్నాడు. యాభై ఐదు దాటినవాళ్లను తీసుకోనని ముందే చెప్పేశాడు. ఆమెకు యాభై ఎనిమిది. లేబర్ కోర్టు వకీలు ఆమె చెప్పిందంతా విని, "నువ్వు ఇన్నేళ్లు చేశావని యూనివర్సిటీ ముద్రతో ఒక్క కాగితం తెచ్చుకో అమ్మా. అదుంటే కేసు నిలబడుతుంది. లేకపోతే నేనేం చెయ్యలేను" అన్నాడు. ఆ ఒక్క కాగితం కోసం రెండు నెలలు కాళ్లరిగేలా తిరిగింది. పలికిన పాపాన పోయినవాడు లేడు.

అలాంటి సమయంలో హిస్టరీ మేడమ్ వచ్చింది. చిన్నపిల్ల, ముప్పై కూడా ఉండవు. మహిళల చరిత్ర వారోత్సవాల కోసం మూడు రోజులు సింకు పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని, ఆమె చెప్పిందల్లా రాసుకుంది. మొదటి విద్యార్థిని, మొదటి మహిళా ప్రొఫెసరు, వాళ్ల ఫొటోల వరసలో సీసాలక్క ఫొటో కూడా పెట్టించింది. వైస్ చాన్సలర్ సంతకంతో, ముద్రతో ప్రశంసాపత్రం ఇప్పిస్తానంది. "ఎన్నేళ్లు చేశారో అందులో రాయిస్తా అక్కా" అంది.

ఇంట్లో ఉండేది ఇద్దరే, సీసాలక్క, ఆమె ఆడపడుచు. ఆడపడుచు ఆడిటోరియం ఊడుస్తుంది. ఆమెకు నోరు పెద్దది, మోకాళ్లు అరిగిపోయాయి. ఈ మాట వినగానే చీపురు పక్కన పారేసింది. "వదినా, నీకు దణ్ణం పెడతా. నోరు మూసుకుని ఆ కాగితం పుచ్చుకుని దిగెయ్. స్టేజీ మీద ఏడవకు, కాగితం తడిసి చస్తుంది" అంది.

పన్నెండున్నరకు ఆఫీసు నుంచి కబురొచ్చింది, సన్మానం అందుకునేవాళ్లు వచ్చి రిజిస్టర్లో సంతకం చెయ్యాలని. సీసాలక్క చేతులు తుడుచుకుంటూ వెళ్లింది. గుమాస్తా మంచివాడు. ప్రశంసాపత్రం తీసి చూపించాడు. మందపాటి కాగితం, కింద గుండ్రటి ముద్ర. ఆమె వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. 'ఇరవై ఐదేళ్లుగా ఈ విశ్వవిద్యాలయంలో...'

"ఇరవై ఆరు సార్" అంది.

నోరు జారిందనుకుంటే పొరపాటే. తెలిసే అంది. లెక్కలోంచి పోయిందంటే అది ఆమె చేరిన మొదటి ఏడే. అప్పుడు ల్యాబ్‌లో కుళాయి కూడా లేదు. రోజుకు నలభై బిందెలు మెట్లెక్కించింది. ఆసిడ్ ఒలికి ఎడమ మణికట్టు కాలింది ఆ ఏడే. ఆసుపత్రికి పొమ్మన్నవాడు లేడు, ఆ పూట కూలి మాత్రం కోశారు. మిగతా ఏళ్లన్నీ ఒక ఎత్తు, ఆ ఏడు ఒక ఎత్తు. దాన్నే మింగేస్తే ఎలా?

"ఏముందిలే అక్కా, ఒక్క ఏడాదేగా" అన్నాడు గుమాస్తా.

"నీకు ఒక్క ఏడాదే నాయనా. మోసింది నేను. కాస్త సరిచేసి పెట్టు."

సరిచెయ్యాలంటే సూపరింటెండెంటును అడగాలి. గుమాస్తా కాగితం పట్టుకుని లోపలికి వెళ్లాడు. కాసేపటికి సూపరింటెండెంటే కళ్లజోడు పైకి తోసుకుంటూ బయటికొచ్చాడు. కోపిష్టి మనిషి కాదు. అదే ఎక్కువ భయం.

"ఇరవై ఆరని ఎలా తెలుసమ్మా? రికార్డేదైనా ఉందా?"

"నేనున్నాను కద సార్."

ఆయన కంప్యూటర్లో చూశాడు. "రికార్డు ప్రకారం నీ సర్వీసు ఏడు నెలలు. ఇరవై ఐదని ఎవరు రాయమన్నారు? వైస్ చాన్సలర్ గారి సంతకం కింద ఇలాంటిది పోతే రేపు కోర్టులో ఎవరు సమాధానం చెప్పాలి?"

"ఇరవై ఐదే ఉంచండి సార్! అదే చాలు, నేనే తప్పు చెప్పాను" అంది సీసాలక్క. ఆయన అప్పటికే ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

ఆడిటోరియం వెనక వరండాలో ఆడపడుచు జరిగింది విని నెత్తి బాదుకుంది. "అచ్చయిన కాగితం! ముద్ర పడ్డ కాగితం! ఒక్క ఏడాది కోసం పాతికేళ్లూ చేజేతులా పోగొట్టుకున్నావా వదినా? నీ నిజాయితీ మండిపోనూ!" తిట్టి తిట్టి, చివరికి తనే ఏడ్చింది. సీసాలక్క ఏడవలేదు. తప్పు తనదేనని ఆమెకు తెలుసు. తెలిసినా, ఇరవై ఐదని చదివి ఊరుకోవడం తన వల్ల అయ్యేది కాదని కూడా తెలుసు.

ఫొటోల దగ్గర హిస్టరీ మేడమ్ చిన్న తెల్లకాగితం ముక్క అంటిస్తోంది. సీసాలక్క బొమ్మ కింద ఏళ్లు ఉన్నచోటే. ఆమెను చూసి చెయ్యి ఆపింది.

"తీసెయ్యమన్నారు అక్కా. నేను అడిగాను, గొడవ కూడా పడ్డాను." "నాదీ పదకొండు నెలల కాగితమే."

"అంటించమ్మా, వంకర పోతోంది" అంది సీసాలక్క. పాపం, ఆ పిల్లను ఏమన్నా ఏం లాభం?

మూడున్నరకు హాలు నిండింది. ముఖ్య అతిథి పెద్ద హోదాలో ఉన్నావిడ. ఆవిడ చేతిలో పెట్టిన పూలగుత్తి ఖరీదు సీసాలక్క ఆరు రోజుల కూలి. చరిత్ర పుస్తకాల్లోకెక్కని చేతుల గురించి చక్కగా మాట్లాడింది. అబద్ధంగా కూడా మాట్లాడలేదు, ఆవిడ కళ్లు నిజంగానే చెమర్చాయి. సీసాలక్కను పిలిచి, ఆ కాలిన మణికట్టు పట్టుకుని పైకెత్తి అందరికీ చూపించింది. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. తర్వాత పళ్లెంలోంచి కొత్త ప్రశంసాపత్రం తీసి ఇచ్చింది. అదే మందపాటి కాగితం, అదే ముద్ర. 'విశిష్ట సేవలకు గుర్తింపుగా.' ఆమె వేలు పెట్టి రెండుసార్లు వెతికింది. అంకె ఎక్కడా లేదు.

"ఇందులో ఏళ్లు లేవమ్మా" అంది.

మైకు దూరంగా ఉంది. "చాలా సంతోషం, చాలా సంతోషం" అంది ముఖ్య అతిథి ఆమె భుజం తడుతూ. ఫొటోగ్రాఫరు నవ్వమన్నాడు. ఆమె కాగితాన్ని పళ్లెంలో తిరిగి పెట్టేసింది. థాంక్స్ చెప్పిందనుకుని జనం మళ్లీ చప్పట్లు కొట్టారు.

వ్యాఖ్యానం చెప్పే అమ్మాయి తర్వాతి పేరు చదివింది. సీసాలక్క కదల్లేదు. వేదిక కింద కాంట్రాక్టరు మనిషి చూపుడువేలు ఊపుతున్నాడు. ఆ వేలికి అర్థం ఆమెకు తెలుసు. వచ్చే నెల దాకా కూడా అక్కర్లేదు, రేపే గేటు దగ్గర ఆపేస్తారు. ఇంటి అద్దె, ఆడపడుచు మోకాళ్ల మందులు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి.

సూపరింటెండెంటు తెర పక్కనుంచి వచ్చి, నవ్వు చెదరకుండా గొంతు తగ్గించాడు. "దిగమ్మా. పెద్దవాళ్లున్నారు. తర్వాత చూద్దాం."

"రాస్తేనే దిగుతాను సార్."

"ఎంతని రాయాలి?"

"ఇరవై ఆరు."

ఆయన నవ్వు పోయింది. హాలు వెనక తలుపు దగ్గర ఆడపడుచు రెండు చేతులతో నోరు మూసుకుని చూస్తోంది. తర్వాతి సన్మానం అందుకునే పెద్దావిడ, రిటైరయిన ప్రొఫెసరు, మెట్లెక్కి వచ్చి ఎక్కడ నిలబడాలో తెలియక ఆగిపోయింది. సీసాలక్క ఆవిడకు చోటిస్తూ ఒక అడుగు పక్కకు జరిగి, అక్కడే నిలబడింది.