రెండో దుప్పటి

ఏడు అంకె తల దగ్గరికి వచ్చేసరికి గుడ్డ చిరుగుతానని బెదిరించింది. సూదమ్మ సూదిని వెనక్కి లాగి, నేత కాస్త దిటవుగా ఉన్న చోటు వేలితో వెతికి, మళ్ళీ గుచ్చింది. నాలుగు అంకె అప్పుడే అయిపోయింది. పాత దారం ఉతికి ఉతికి గులాబి రంగులోకి దిగింది కాబట్టి, దాని మీదే కొత్త ఎర్రదారంతో నలభై ఏడు మళ్ళీ కుడుతోంది.

ఆ హాస్టలు బడిలో ప్రతి పిల్లకీ, ప్రతి పిల్లాడికీ ఒక నంబరు. చొక్కా మెడ లోపల, లాగు నడుము దగ్గర, తువ్వాలు మూల, దుప్పటి మూల ఎర్రదారంతో ఆ నంబరు ఉండాలి. పిల్లలు చదువు ముగించుకుని వెళ్ళిపోతే ఆ నంబరు తర్వాత చేరినవాళ్ళకు వస్తుంది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ నంబర్లన్నీ కుట్టింది ఈమే. అసలు పేరు జీతాల రిజిస్టరులో ఉంది కానీ అక్కడి నుంచి అది ఎప్పుడూ బయటికి రాలేదు. పెద్దా చిన్నా అందరికీ సూదమ్మే.

మేడ మీద చివరి గది ఆమెది. ఇరవై ఆరు మెట్లు. గోడల పొడుగునా చెక్క అరలు, ఒకటి నుంచి రెండు వందల ఎనభై దాకా. కిటికీ పక్కన కుట్టుమిషను, దాని ముందు చేతుల్లేని కుర్చీ, మధ్యలో పొడుగాటి బల్ల. ఆ బల్ల అవతలి కొసన ఇస్త్రీ తమ్ముడు పెట్టె వేడెక్కే దాకా ఆవలిస్తూ నిలబడ్డాడు.

"ఏంటక్కా, పొద్దున్నే ఆ పాత గుడ్డ ముందేసుకుని కూర్చున్నావ్?"

"ఇవాళ నలభై ఏడు వస్తున్నాడు."

"వచ్చేదేంటి, కింద మూడో తరగతిలో ఉన్నాడుగా!"

"వాడు కాదయ్యా. గుండె డాక్టరయ్యాడే, ఆ నలభై ఏడు."

ఏడాదికోసారి మూడు రోజుల పాటు ఈ సందడి ఉంటుంది. పాత విద్యార్థులు, వాళ్ళతో పాటు అతిథులు కొందరు, ఎవరికి వచ్చిన విద్య వాళ్ళు పిల్లలకు ఉచితంగా నేర్పిపోతారు. ఒకావిడ మట్టితో ఏనుగుల్ని చేయిస్తుంది. ఒకాయన పాటలు పాడించి పిల్లల గొంతులన్నీ బొంగురు చేసి పంపుతాడు. నిన్న బ్యాంకు మేనేజరొకాయన గారడీ చేస్తానని లేచాడు. మాయం కావలసిన కోడిగుడ్డు హెడ్మాస్టరుగారి బూటు మీద పడి పగిలింది. పిల్లలకు మాత్రం ఇప్పటిదాకా అన్నిట్లోకీ అదే నచ్చింది. పనివాళ్ళకు ఈ మూడు రోజులూ ఒళ్ళు హూనం. కర్టెన్లు ఉతకాలి, కుర్చీలు మోయాలి, నంబర్లు లేని పన్నెండు దుప్పట్లూ తీసి అతిథుల గదుల్లో పరచాలి. అయినా ఈసారి సూదమ్మ విసుక్కోలేదు. వారం రోజులుగా ఈ రోజు కోసమే వేళ్ళు మడుస్తోంది.

పది రోజులుగా మెట్లెక్కితే రొమ్ము మధ్యలో ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టుంటోంది. ఆ నొప్పి ఎడమ చేతిలోకి దిగి, ఒక్కోసారి దవడ దాకా పాకుతోంది. బళ్ళో నర్సు గ్యాసని మాత్రలిచ్చింది. పెద్దాసుపత్రికి వెళ్ళొచ్చు, వెళ్ళనివ్వనని ఎవరూ అనలేదు. ఆమెకు భయం. ముక్కూ మొహం తెలియనివాడెవడో కాగితం చూసి చెప్పే మాట వినడానికి ధైర్యం చాలలేదు. ఎంత చెడ్డ మాటైనా తన చేతుల మీద పెరిగినవాడి నోట వింటే తట్టుకోగలననుకుంది.

భర్త పోయాక రెండేళ్ళు అన్నయ్య ఇంట్లో ఉండి, వదిన చేత మాటలు పడలేక ఇక్కడికి వచ్చినప్పుడు ఆమెకు ఇరవై నాలుగేళ్ళు. అప్పట్లో ఇక్కడ ఒక నియమం ఉండేది. పక్క తడిపిన పిల్లలు ఆ దుప్పటి రెండు చేతులా పట్టుకుని, అందరి ఫలహారాలూ అయ్యేదాకా కింది వరండాలో నిలబడాలి. మూడేళ్ళ తర్వాత ఒక రోజు అలా నిలబడ్డ ఏడేళ్ళవాణ్ణి చూసింది. మొహం కనిపించకుండా దుప్పటి పైకెత్తి పట్టుకున్నాడు. రెండు పక్కలా చెవులు మాత్రం కనిపిస్తున్నాయి, మందారాల్లా ఎర్రగా. ఆ సాయంత్రమే అదే నంబరుతో రెండో దుప్పటి కుట్టింది. ఒక నంబరుకు ఒకటే దుప్పటన్నది బడి పద్ధతి. తెలిస్తే ఉద్యోగం ఊడేది.

రోజూ మేలుకొలుపు గంటకు ముందే వెళ్ళి తడిది తీసి పొడిది పరిచేది. తడిది బాయిలరు వెనక ఆరేది. రెండేళ్ళు అలా గడిచింది. ఆ సంగతి ఆమె ఎత్తలేదు, వాడూ ఎత్తలేదు. సాయంత్రాలు వచ్చి ఆమె పక్కన కూర్చుని సూదుల్లోకి దారం ఎక్కించి పెట్టేవాడు, అంతే. తర్వాత ఇంకా చాలామంది పిల్లలకు రెండో దుప్పట్లు కుట్టింది. వాళ్ళ అవసరం తీరాక వాటిని మసిగుడ్డలు చేసేసింది. ఈ ఒక్కదాన్ని మాత్రం చింపడానికి చేతులు రాలేదు. ఆ నియమం పోయి పదేళ్ళయింది. వరండాలో నిలబడ్డ పిల్లలు ఆమె మనసులో ఎప్పుడో చెరిగిపోయారు. సూదుల్లోకి దారం ఎక్కించిన పిల్లాడే మిగిలాడు.

కింద గంట మోగింది. ఏడు అంకె ముగించి ముడి వేసి, దారం కొస కత్తిరించకుండానే దుప్పటి మడిచి చంకలో పెట్టుకుంది.

వరండాలో బల్ల వేశారు. డాక్టరు చిన్న తరగతుల పిల్లల గుండెలు చూస్తున్నాడు. చూసి ఊరుకోకుండా గొట్టం వాళ్ళ చెవుల్లో పెట్టి ఎవరి గుండె చప్పుడు వాళ్ళకు వినిపిస్తున్నాడు. "గుర్రం పరిగెడుతోంది సార్!" అంది ఒక పిల్ల. అందరూ నవ్వారు. పక్కన హెడ్మాస్టరు, ఇద్దరు అతిథులు, కెమెరా పట్టుకున్న ఒకాయన. పనివాళ్ళు ఆఖర్న రావాలన్నారు. సూదమ్మ బెంచీ మీద మూడు గంటలు కూర్చుంది. జుట్టు పల్చబడ్డా ఆ చెవులు అవే. మనిషిని చూస్తుంటే కడుపు నిండిపోయింది.

తొంభై మంది పిల్లలయ్యాక ఆమె లేచింది.

"బాబూ, గుర్తున్నానా? సూదమ్మని."

"అయ్యో, మీరా! గుర్తులేకపోవడమేంటి? కూర్చోండి, కూర్చోండి." నిజంగానే సంతోషించాడు. గొట్టం చెవుల్లో పెట్టుకున్నాడు.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ ఆమెకు ఆనందం ఆగలేదు. చంకలోని దుప్పటి తీసి బల్ల మీద పరిచింది. "చూడు బాబూ, ఇంకా దాచాను."

ఎర్రటి నలభై ఏడు పైకి చూసింది.

"డాక్టరుగారి దుప్పటా!" అన్నాడు హెడ్మాస్టరు ముచ్చటపడుతూ. "ఇన్నేళ్ళు ఎందుకు దాచావమ్మా? చెప్పు, పిల్లలు కూడా వింటారు." కెమెరా ఇటు తిరిగింది. తొంభై మొహాలూ ఇటే తిరిగాయి.

డాక్టరు చెవులు ఎర్రబడ్డాయి.

ఆ చెవులు చూశాక గానీ తను ఎక్కడ నిలబడి ఉందో ఆమెకు తెలియలేదు. ఇదే వరండా. ఇదే దుప్పటి. ఎన్నో ఏళ్ళు ఎవరి కంటా పడకుండా దాచినదాన్ని తన చేతులతోనే తెచ్చి నలుగురిలో పరిచింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. గబగబా దుప్పటి చుట్టేసింది.

"ఈ బాబుది కాదండీ. నంబరు పొరపాటు పడ్డాను. ముసల్దాన్ని, కళ్ళు ఆనట్లేదు."

అందరూ నవ్వారు. కెమెరా పక్కకి తిరిగింది.

"ఏంటమ్మా మీ బాధ?" అన్నాడు డాక్టరు. కళ్ళు మాత్రం ఆమె చంకలోని దుప్పటి మీదున్నాయి.

అతన్ని అక్కడ ఇంకొక్క క్షణం కూడా నిలబెట్టబుద్ధి కాలేదామెకు. "ఏం లేదు బాబూ. గ్యాసు."

"అయ్యుంటుంది. గ్యాసే అయ్యుంటుంది," అని ఆత్రంగా మాత్రల అట్ట ఒకటి చేతిలో పెట్టాడు. ఆమె గుండె వినడం ఒక్క నిమిషం పని. పొద్దుటి నుంచి తొంభై రొమ్ముల మీద ఆన్చిన గొట్టం అతని చెవుల్లోంచి మెళ్ళోకి జారి అలాగే వేలాడుతూ ఉండిపోయింది.

ఇరవై ఆరు మెట్లూ ఎక్కడానికి చాలాసేపు పట్టింది. సగంలో రెండుసార్లు కూర్చుంది. పైకి చేరి, కిటికీ పక్క కుర్చీలో చేరగిలబడి, దుప్పటి ఒళ్ళో పెట్టుకుంది. కత్తిరించని దారం కొస అప్పుడు కంటబడింది. కత్తెర కోసం చెయ్యి చాపింది.

ఇస్త్రీ తమ్ముడు భోజనం చేసి కర్టెన్ల మూట మోసుకొచ్చేసరికి ఆమె తల కిటికీకి ఆనించి ఉంది. కునుకు తీస్తోందనుకుని చప్పుడు కాకుండా నాలుగు కర్టెన్లు ఇస్త్రీ చేశాడు. ఐదోది సూది మరమ్మతుకు ఆమె ఒళ్ళో పెట్టబోతే చల్లబడ్డ చెయ్యి తగిలింది.

డాక్టరు కారెక్కుతున్నాడు. కబురు విని మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చుని గొట్టం ఆమె రొమ్ము మీద పెట్టాడు. విన్నాడు. ఇక వినేందుకేమీ లేదని తెలిశాక కూడా చాలాసేపు అలాగే వింటూ ఉండిపోయాడు.

ఆమెను బల్ల మీద పడుకోబెట్టారు. కప్పడానికి ఇస్త్రీ తమ్ముడు అరలోంచి ఉతికిన దుప్పటి ఒకటి లాగి, నంబరు చూసి మళ్ళీ పెట్టేశాడు. ఇంకోటి లాగాడు. అదీ పెట్టేశాడు. "అన్నీ పిల్లలవే సార్. రాత్రికి వాళ్ళు కప్పుకోవాలి కదా." నేల మీదికి జారిన పాత దుప్పటి తీసి దులిపాడు. "దీనికైతే మనిషి లేడు."

"ఉన్నాడు," అన్నాడు డాక్టరు. హెడ్మాస్టరూ అతిథులూ గుమ్మంలోనే ఉన్నారు. వాళ్ళకు వినపడేలా మళ్ళీ అన్నాడు. "అది నాదే. పక్క తడిపేవాణ్ణి."

ఎవరూ నవ్వలేదు.

తమ్ముడి చేతిలోంచి తీసుకుని అతనే కప్పాడు. పొట్టి దుప్పటి, పిల్లలది. మొహం కప్పితే పాదాలు బయటపడ్డాయి. వాటి పక్కన, దుప్పటి మూల, పొద్దున్నే కుట్టిన ఎర్రటి నలభై ఏడు, ఏడు కింద కత్తిరించని దారం కొస.