కూజా మెడ మీద ఏడు బుడగలు

ఉదయం పదకొండు గంటలకు ఫొటోలావిడ లెక్కపెట్టింది. నాలుగు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ లెక్కపెట్టింది. నాలుగే.

మూడేళ్ళ కిందటి ఫొటోలో ఏడున్నాయి.

ఆ మ్యూజియంలో వస్తువులకు ఫొటోలు తీయడం ఆమె పని. అందుకని ఫొటోలావిడ. పదకొండేళ్ళ నుంచి కాంట్రాక్టు మీద నెట్టుకొస్తోంది. సోమవారం బోర్డు కూర్చుంటుంది. ఆమెను పర్మనెంటు చేసే కాగితం ఆ రోజే బోర్డు ముందుకు వెళ్తుంది. ఇవాళ శుక్రవారం. సాయంత్రంలోగా రెండు పనులు ముగించి, ఏ మచ్చా పడకుండా సోమవారానికి చేరాలి.

మొదటి పని, ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ ఎంచడం. ఇన్నాళ్ళూ వాడినది నెలనెలా అద్దె కట్టేది. ఆ గడువు ఇవాళ రాత్రితో తీరిపోతుంది. దాని బదులు ఏది పెట్టుకోవాలో రాసివ్వమన్నాడు డైరెక్టరు. ఒకటి ఒక్కసారి కొంటే సొంతమయ్యేది. రెండోది ఊరికే వచ్చేది. రెండో పని, నీలం గాజు కూజా. మూడు వందల ఏళ్ళ నాటిది. వేరే మ్యూజియంలో ప్రదర్శనకు వెళ్తోంది. దానికి ఇవాళ ఫొటో తీసి, పాత ఫొటోతో పోల్చి, కూజా ఏ స్థితిలో ఉందో రాసి సంతకం పెట్టాలి. నాలుగింటికి పెట్టె మూస్తారు.

ఒక్క దెబ్బకు రెండు పిట్టలనుకుని, కూజా ఫొటోను కొత్త సాఫ్ట్‌వేర్లోనే తెరిచింది. ఆ పాతకాలపు గాజులో గాలి బుడగలు ఇరుక్కుపోయి ఉంటాయి. మనిషికి పుట్టుమచ్చల్లాంటివి, ఒకదాని బుడగలు ఇంకోదానికి రావు. కూజా మెడ మీద ఏడుండాలి. ఊరికే వచ్చిన సాఫ్ట్‌వేర్ నాలుగే చూపిస్తోంది.

ఆమెకు కొంచెం సంతోషం కూడా వేసింది. ఆ సాఫ్ట్‌వేర్ని నెత్తిన పెట్టుకుని మోస్తున్నది వాళ్ళ బావ. ఫోను చేసింది.

"బావా, నీ ముద్దుల సాఫ్ట్‌వేర్ నా కూజా బుడగలు మింగేసింది. దుమ్మనుకుని తుడిచేసినట్టుంది. పనికిరాదని రాసేస్తున్నా."

"ఆ చేత్తో పెన్ను కింద పెట్టు. లాప్‌టాప్ పట్టుకుని ఇటు రా."

బావ అంటే అక్క మొగుడు, పళ్ళ డాక్టరు. క్లినిక్ మ్యూజియానికి రోడ్డు అవతలే. ఆదివారమైతే తెల్లారకముందే చెరువు గట్టున బోర్లా పడుకుని పిట్టల ఫొటోలు తీస్తాడు. ఇతర డాక్టర్లు గోడకు పళ్ళ బొమ్మలు తగిలిస్తే ఈయన కొంగల్ని తగిలించాడు.

ఆమె వెళ్ళేసరికి కుర్చీలో ఒక రోగి నోట్లో దూది కుక్కుకుని, ఇంజెక్షనుకు దవడ మొద్దుబారే దాకా కాచుకుని ఉన్నాడు.

"పావుగంట ఖాళీ. తియ్," అన్నాడు బావ.

"నీ పిట్టలకి సరిపోతుంది బావా, కాదనను. పిట్ట వచ్చి నా ముక్కు ఇలా లేదని కేసు పెట్టదు. నాది ఉద్యోగం."

"నీకు జీతమిస్తారు కాబట్టి తప్పు సాఫ్ట్‌వేర్‌ది. నాకివ్వరు కాబట్టి తప్పు నాదే అనుకుని వెతుక్కుంటాను. జరుగు."

దుమ్ము తీసే మీట ఆఫ్ చేశాడు. మచ్చలు సవరించే మీట, నునుపు చేసే మీట, లెన్సు వంకర సరిచేసే మీట, అన్నీ ఆఫ్. మిగిలింది రా ఫైలు, అంటే కెమెరా చూసింది చూసినట్టు. మెడ దగ్గర పెద్దది చేశాడు.

నాలుగు.

"అద్దెదాంట్లో తెరువు," అన్నాడు.

తెరిచింది. రంగు కాస్త ముదిరింది. బుడగలు నాలుగు.

"కొనేదాంట్లో?"

రంగు కాస్త పచ్చబారింది. బుడగలు నాలుగు. కుర్చీలో రోగి తల తిప్పి, తెరకేసి చూసి, వాళ్ళకేమైనా అనుమానం ఉందేమోనని నాలుగు వేళ్ళు ఎత్తి చూపించాడు.

"థాంక్సండీ. నోరు మూయకండి," అన్నాడు బావ. "ఇప్పుడు పాతది."

పాత రా ఫైలును మూడింట్లోనూ తెరిచారు. మూడింట్లోనూ ఏడు.

బావ చేతులు కట్టుకున్నాడు. "చూడు మరదలా. ఒకే మనిషివని రెండు ఎక్స్‌రేలు తెస్తారు. రెండింట్లో పన్ను తేడాగా ఉంటే నేను మిషన్ను తిట్టను. రెండో మిషన్లో చూస్తాను. అక్కడా అంతే అయితే అది వేరే మనిషి పన్ను."

"కూజా మారిపోయిందంటావా?"

"మూడు సాఫ్ట్‌వేర్లు కూడబలుక్కుని ఒకే అబద్ధం ఆడవు. అంతవరకే నేను చెప్పగలను. దొంగల సంగతి నా శాఖ కాదు."

ఆమె రోడ్డు దాటుతూ లెక్క వేసుకుంది. కూజా ఉండే స్టోరుకు తాళాలు రెండు జతలు. ఒకటి డైరెక్టరు దగ్గర, ఒకటి స్టోరు తాత దగ్గర. తాత అంటే వయసుకు కాదు, ముప్పై ఏళ్ళకే తల నెరిసిందని పెట్టిన పేరు. ఇంకో రెండేళ్ళలో రిటైరవుతాడు. ఆయన దొంగతనం చేశాడంటే ఆమె నమ్మలేదు. నమ్మకపోవడం సాక్ష్యం కాదని కూడా ఆమెకు తెలుసు.

తాత పెట్టెలో స్పాంజి ముక్కలు కోసి సర్దుతున్నాడు.

"తాతా, ఈ కూజాలాంటిది ఇంకోటుందా ఎక్కడైనా?"

"అదేం ప్రశ్న అమ్మాయ్? నకలుంది కదా. నువ్వే తీశావు ఫొటో, రెండూ ఒకే రోజు. చూపు లేనివాళ్ళు తాకి చూసే గదికని చేయించారు."

ఆమె కాళ్ళు ఆ మాట పూర్తికాకముందే నడవడం మొదలుపెట్టాయి.

తాకి చూసే గదిలో బల్లల మీద నకళ్ళు వరసగా ఉన్నాయి. ఎవరైనా తీసుకోవచ్చు, నిమరవచ్చు, చెవి దగ్గర పెట్టుకుని కొట్టి చూడవచ్చు. మూడో బల్ల మీద నీలం కూజా. ఆమె దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఎత్తిపట్టింది. ఒకటి, రెండు, మూడు... ఏడు. మూడు వందల ఏళ్ళ కూజా మూడేళ్ళుగా పరాయి చేతుల్లో ఉంది. అంచు చుట్టూ వేలు తిప్పింది. ఒకచోట గరుకు తగిలింది. నువ్వుగింజంత పలుకు ఊడిపోయింది.

అక్కడే బల్ల మీద లాప్‌టాప్ పెట్టి మూడేళ్ళ కిందటి ఆ రోజు ఫొటోలన్నీ వరసగా తెరిచింది. పది నలభైకి అసలు కూజా, ఏడు బుడగలు. పదకొండూ యాభై అయిదుకి నకలు, నాలుగు. ఫొటోకి అడ్డమని నంబరు చీటీల దారాలు విప్పి తీయడం, అయ్యాక మళ్ళీ కట్టి, ట్రేలో పెట్టి, చివరగా గుర్తుకొక ఫొటో తీయడం ఆమె అలవాటు. ఆ చివరి ఫొటోను అప్పుడెప్పుడూ పెద్దది చేసి చూడలేదు. ఇప్పుడు చూసింది. పన్నెండూ ఇరవై. అసలు నంబరు చీటీ నాలుగు బుడగల మెడకు కట్టి ఉంది.

చీటీ కట్టింది తానే.

రెండున్నరకు డైరెక్టరు ముందు రెండు కూజాలూ పెట్టి జరిగింది చెప్పింది, చివరి ఫొటో ఒక్కటి తప్ప. ఆయన సగం విని చెయ్యెత్తాడు.

"స్టోరు తాళాలు ఎవరి దగ్గరుంటాయి?"

"తాత దగ్గర సార్, కానీ..."

"కానీ లేదు, గీనీ లేదు. ఆయన్ని పిలువు."

ఆమె రెండు క్షణాలు ఆగింది. అక్కడితో ఊరుకుంటే నింద తాత మీదికి పోయేది. తర్వాత లాప్‌టాప్ ఆయన వైపు తిప్పింది.

"తాత కాదు సార్. నేను. ఇదిగో."

డైరెక్టరు ఫొటోను చాలాసేపు చూశాడు. ఆయన చెడ్డవాడు కాదు. పదవిలో ఉండి భయపడేవాడు. లేచి తలుపు మూశాడు.

"ఎవరికైనా తెలుసా?"

"మా బావకి సగం తెలుసు."

"సగంతో ఫరవాలేదు. చూడమ్మా, అసలు కూజా దొరికింది. అదే పంపిస్తున్నాం. ఎవరికీ అన్యాయం లేదు. చిక్కల్లా ఆ పలుకు. మన దగ్గర ఉండగా ఊడిందంటే, ఎలా ఊడిందని అడుగుతారు. అడిగితే ఆ గది బయటికొస్తుంది, నువ్వొస్తావు, నేనొస్తాను. అదే పాత ఫొటోలోనే ఆ పలుకు లేదనుకో?"

"ఫొటోలో అంచు నిండుగా ఉంది సార్."

"నీకు పదకొండేళ్ళ అనుభవం ఉంది. ఎంతసేపు పని?"

ఆమె తెర మీద కూజా అంచు వైపు చూసింది.

"అద్దెదాంట్లో చెయ్. పాత బొమ్మ మీదే భద్రం చేసెయ్, రా ఫైలు చెరిపెయ్. రాత్రికి దాని గడువు తీరిపోతుంది, అడిగే నాథుడుండడు. ఆ ఊరికే వచ్చేదాని సంగతేంటి?"

"అది అసలు ఫైలును ముట్టుకోదు సార్. మనం చేసిన ప్రతి మార్పూ పక్కన చిన్న ఫైల్లో రాసి పెడుతుంది. ఎవరు తెరిచినా కనిపిస్తుంది."

"అయితే అది మనకొద్దు. ఆ కొనేదే బాగుందని రాసి పట్రా. సోమవారం బోర్డులో నీ కాగితం నేనే ముందు పెడతాను."

ఎనిమిది నిమిషాలు పట్టింది. ఊడిన చోటును ఇవాళ ఫొటో తీసి, పాత ఫొటోలో అంచు మీద అతికించి, నీడ ఏ పక్క పడాలో ఆ పక్కే పడేట్టు దిద్ది, నీలాన్ని రవ్వంత తగ్గించింది. అంచు మీద మెరుపు విరిగినచోట ఒక సన్నని గీత గీసింది. పని ముగిశాక వెనక్కి వాలి చూసుకుంది. తప్పు పట్టడానికి ఆమెకే ఏమీ దొరకలేదు. అంత మంచి పని ఆమె ఈ ఏడాదిలో చేయలేదు.

భద్రం చేయాలా అని సాఫ్ట్‌వేర్ అడుగుతోంది. ఇంకా నొక్కలేదు.

తలుపు తోసుకుని తాత వచ్చాడు. చంకలో రిజిస్టరు.

"అమ్మాయ్, డైరెక్టరుగారు అసలు కూజా నాచేతికిచ్చారు. నకలు ఎలా మారిందో తర్వాత చెప్తానన్నారు. అది సరే. అంచు చిట్లి ఉందేమిటి? రిజిస్టర్లో అంచు నిండుగా ఉందని నేనే రాశాను, నా చేత్తో." తెరకేసి వంగాడు. "ఇది పాత ఫొటోనా?"

ఆమె అవునని కానీ కాదని కానీ అనలేదు.

"అప్పుడే ఊడిందన్నమాట," అన్నాడు తాత నెమ్మదిగా. "మరి నాకెందుకు కనపడలేదు? కూజా చేతిలో పట్టుకుని, చుట్టూ తిప్పి చూసి రాశానే." కళ్ళద్దాలు తీసి వాటినే ఒకసారి చూశాడు. "ఇంకెన్ని తప్పు రాశానో ఏమో. ముప్పై రెండేళ్ళ రిజిస్టర్లమ్మాయ్ అవి."

"తాతా..."

"కెమెరా అబద్ధం చెప్పదు కదా. నా కళ్ళే చెప్పుంటాయి." బల్ల మీద రిజిస్టరు తెరిచి, ఆ వరస వెతికి, 'నిండుగా ఉంది' అన్న మాట కొట్టేయడానికి పెన్ను తీశాడు.

"కొట్టేయకండి."

"తప్పును తప్పనాలి కదమ్మా."

"మీరు రాసింది తప్పు కాదు. ఫొటోలో ఆ పలుకు నేనే తీసేశాను, ఇప్పుడే. ఇదిగో చూడండి."

వెనక్కి వెళ్ళే మీట నొక్కింది. గీత పోయింది. నీడ పోయింది. పలుకు వెనక్కి వచ్చి అంచు నిండింది. తాత నోరు తెరుచుకుని చూశాడు. తర్వాత ఆమె భద్రం చేయకుండానే ఫైలు మూసేసింది.

తాత రిజిస్టరు మూశాడు. పెన్ను మూత పెట్టి, "మూడూ నలభై అయింది," అన్నాడు.

కండిషన్ రిపోర్టు ఆమె ఆరు వాక్యాల్లో రాసింది. ఏ రోజున ఏ చీటీ ఎవరు మార్చి కట్టారో, కూజా మూడేళ్ళు ఏ గదిలో ఉందో, అంచున ఎక్కడ ఎంత మేర ఊడిందో. చీటీ మార్చి కట్టినవారు అన్నచోట తన సంతకం పెట్టింది. సాఫ్ట్‌వేర్ రిపోర్టు ఇంకా చిన్నది. సరదాకి ఫొటోలు తీసేవారికైనా, ఇదే వృత్తిగా బతికేవారికైనా ఊరికే వచ్చేది చాలు. రంగులు సరిచూసుకోవడం కాస్త కష్టం, నేర్చుకోవడానికి రెండు వారాలు పడుతుంది. అసలు ఫైలును ముట్టుకోదు కాబట్టి మ్యూజియానికి అదే తగినది.

డైరెక్టరు రెండూ చదివాడు. రెండోసారి మొదటిదే చదివాడు.

"నేను దీని మీద సంతకం పెడితే నీ కాగితం సోమవారం బోర్డు ముందుకు వెళ్ళదు. తెలుసా?"

"తెలుసు సార్."

"నేను పెట్టకపోతే?"

"కూజా వెళ్ళదు. ఎందుకు వెళ్ళలేదని వాళ్ళు అడుగుతారు. అప్పుడూ ఇదే చెప్తాను."

ఆయన కిటికీలోంచి, కూజాను తీసుకెళ్ళడానికి వచ్చిన వ్యాను వైపు చూశాడు. గోడ గడియారం వైపు చూశాడు. తర్వాత సంతకం పెట్టాడు. నాలుగూ పదికి తాత పెట్టె మూశాడు.

సోమవారం బోర్డు పదిహేడు అంశాలు చర్చించింది. వాటిలో ఆమె పేరు లేదు. కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించారు. మంగళవారం కంప్యూటర్లలో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టారు. ఆ మధ్యాహ్నం బావ ఫోను చేశాడు.

"వచ్చిందా పర్మనెంటు?"

"రాలేదు."

"మరేం వచ్చింది?"

"మెమో. రెండు పేజీలు."

"రెండు పేజీలా! ఏం రాశారేమిటి అంత?"

"నేను రాసిందే తిప్పి రాశారు బావా. ఒక్క ముక్క కూడా కాదనడానికి లేదు."

"జవాబేం రాస్తావు?"

"రాసేశాను. నిజమేనని."

అవతల కుర్చీలో ఎవరో మూలిగారు. "ఉండు, పన్ను ఊడింది," అని బావ ఫోను పెట్టేశాడు.